సొనోమా లోయలో ఏడో పీపా

అమెరికా వెళ్ళి ఫ్రెంచివాళ్ళ భోజనం చేసి వచ్చానంటే మా చిలకలూరిపేటలో ఎవరూ నమ్మడం లేదు. "అమెరికాలో అమెరికావాళ్ళుంటారు గానీ ఫ్రెంచివాళ్ళెందుకుంటారండీ?" అని మా పొగాకు డిపో గుమాస్తా నన్ను నిలదీశాడు. వెళ్ళకముందు నేనూ అలాగే అనుకున్నాను. ఎనభైల నడుమ ఒక అక్టోబరులో మా చెల్లెలింట్లో ఆరు వారాలు ఉండి వచ్చాను. వంతెనలూ, మేడలూ, సముద్రమూ అన్నీ చూశాను. అవన్నీ ఫొటోల్లో ఉన్నాయి, కావలసినవాళ్ళు మా ఇంటికొచ్చి చూసుకోవచ్చు. ఫొటోకి అందని రెండు రోజుల సంగతి మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి. నేను పొగాకు కంపెనీలో ఆకు కొనేవాణ్ణి. రైతు తెచ్చిన బేలులో చెయ్యి దూర్చి, లోపలినుంచి ఒక ఆకు లాగి, ముక్కు దగ్గర పెట్టుకోవడం ఇరవై ఆరేళ్ళుగా నా పని. బాగుంటే ధర చెబుతాను. బాగా లేకపోతే 'బూజు' అంటాను, హమాలీలు ఆ బేలుని పక్కకి తోసేస్తారు. ఆ మాట విన్న రైతు మొహం ఎలా అయిపోతుందో నాకు బాగా తెలుసు. అయినా అనక తప్పదు. బూజు పట్టిన బేలు ఒక్కటి గోడౌనులో చేరిందంటే పక్కనున్నవన్నీ పాడవుతాయి. నా తెలివితేటల మీద మా ఆవిడకి పెద్దగా నమ్మకం లేదు గానీ, నా ముక్కు మీద కంపెనీకి పూర్తి నమ్మకం ఉంది.

శాంటా క్లారా: జాగ్రత్తలు

మా చెల్లెలు సుశీల, ఆమె భర్త రమణ శాంటా క్లారాలో ఉంటారు. రమణ కంప్యూటర్ చిప్పులు చేసే కంపెనీలో ఇంజనీరు. ఊరికే కూర్చోలేని మనిషి. శనాదివారాలు గ్యారేజీలో ఏవో చిన్న చిన్న మిషన్లు చేసి స్నేహితులకిస్తుంటాడు. అలా ఒకసారి, ద్రాక్షరసం పులిసేటప్పుడు ఎంత వేడెక్కిందో చూపించే మిషన్ ఒకటి చేసి సొనోమా లోయలో వైన్ తయారుచేసే ఒక చిన్న వైనరీకి ఇచ్చాడట. దాని యజమాని మార్సెల్ అనే ఫ్రెంచి ముసలాయన. కూతురు ఎలీజ్‌తో కలిసి తోట చూసుకుంటాడు. ద్రాక్ష కోతలు అయిపోయాక ఆదివారం నాడు వాళ్ళు పెద్ద భోజనం పెడతారట. దానికి మమ్మల్ని ముగ్గుర్నీ పిలిచారు.

"బావగారూ, అది డిన్నర్ కాదు, లంచ్. కానీ ఫైవ్ అవర్స్ పడుతుంది," అన్నాడు రమణ.

మా ఇంట్లో పెళ్ళి భోజనం కూడా అరగంటలో అయిపోతుంది. అయిదు గంటలు ఏం తింటారో నాకు అర్థం కాలేదు.

సుశీల జాగ్రత్తలు మొదలుపెట్టింది. "అన్నయ్యా, చేత్తో తినకు. ప్లేట్‌లో అన్నీ కలిపేయకు. వైన్ ఇస్తే కొంచెం సిప్ చెయ్యి చాలు. ముఖ్యంగా, బ్రేవ్‌మని త్రేన్చావంటే నేను మళ్ళీ వాళ్ళ మొహం చూడలేను."

"త్రేన్చకపోతే వండినవాళ్ళకి బాగుందని ఎలా తెలుస్తుందే?" అన్నాను.

"నోటితో చెప్పు," అంది. అంటూనే పెద్ద డబ్బానిండా పులిహోర కలిపి కారులో పెట్టింది. మా ఆవిడకి రాసిన ఉత్తరంలో వైన్ సంగతి కూడా రాశాను. రుచి చూడడం తాగడం కిందికి రాదని ఒకటికి రెండుసార్లు రాశాను.

శాన్‌ఫ్రాన్సిస్కో: ఆకుకూరా, మునక్కాడా

శనివారం పొద్దున బయలుదేరి, మధ్యాహ్నానికి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఫ్రెంచి హోటల్లో ఆగాం. నాకు అలవాటు కావాలని రమణ ఉద్దేశం. కూర్చోగానే బుట్టలో రొట్టె తెచ్చి పెట్టారు. పైన పెళపెళలాడుతూ, లోపల మెత్తగా, కాస్త పులుపుతో ఉంది. బుట్ట ఖాళీ అయింది. ఇంకోటి తెచ్చారు, దాన్నీ ఖాళీ చేశాను. రొట్టె ఊరికే ఇస్తారని రమణ చెప్పడంతో మూడోది కూడా అడిగాను. అసలు భోజనం వచ్చేసరికి నా కడుపులో చోటు లేదు. అప్పుడు చూస్తే తాంబాళమంత ప్లేటు మధ్యలో అరచేతి వెడల్పున చేపముక్క ఉంది. దాని ఖరీదు పద్నాలుగు డాలర్లు. మా పేటలో ఆ డబ్బుతో నెల రోజులు హోటల్ భోజనం చేయవచ్చు. నా ప్రాణం ఉసూరుమంది.

రమణ ఇంకోటి తెప్పించాడు. అది ముళ్ళ తామరమొగ్గలా ఉన్న ఒక కాయ. పేరు ఆర్టిచోక్. రేకులు రేకులుగా ఊడుతుంది. నేనొక రేకు నోట్లో పెట్టుకుని నమలడం మొదలెట్టాను. ఎంత నమిలినా పీచే. ఉమ్మడానికి వీల్లేదు, మింగడానికి వీల్లేదు. పక్క బల్ల దగ్గర ఒంటరిగా భోంచేస్తున్న ఒక పెద్దావిడ నా అవస్థ కనిపెట్టింది. చేత్తో రేకు పట్టుకుని, మొదట్లోని గుజ్జుని పళ్ళతో లాగి, మిగతాది ప్లేటు అంచున పెట్టి చూపించింది.

"ఓసోస్, మునక్కాడ!" అన్నాను పైకే.

ఆ తర్వాత నన్ను ఎవరూ ఆపలేకపోయారు. చివర్లో ఆవిడ రొట్టెముక్కతో తన ప్లేటు మొత్తం తుడుచుకుని తినేసింది. ఇక ఆ ప్లేటు కడగనక్కర్లేదు. సుశీల వైపు చూశాను. సుశీల కిటికీలోంచి బయటికి చూస్తోంది. నేనూ తుడుచుకున్నాను.

సొనోమా: నేలమాళిగ

సముద్రం మీది ఎర్ర వంతెన దాటి గంటకి పైగా వెళ్ళాక కొండలు మొదలయ్యాయి. కొండలనిండా ద్రాక్ష వరసలు. ఆకులు ఎర్రగా, పసుపుగా పండిపోయి ఉన్నాయి. కోతల్లో మిగిలిపోయిన గుత్తి ఒకటి తెంపి చూశాను. శనగగింజంత కాయలు, మందపాటి తోలు, లోపలంతా గింజలే. గుంటూరు బజారులో ఇవి పెడితే ఒక్కరు కొనరు. వీటిని నలభై ఏళ్ళు పిల్లల్లా సాకిన మనిషి ఎదురుగా వచ్చాడు.

మార్సెల్‌కి డెబ్భై ఏళ్ళుంటాయి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. తలమీద పాత టోపీ. ఎలీజ్‌కి ముప్ఫై అయిదు దాటి ఉంటాయి. ఆమె చేతులు మోచేతుల దాకా ఊదారంగు తిరిగి ఉన్నాయి. కడిగినా పోదట, నవంబరు దాకా అలాగే ఉంటుందట. ఆ చేతులు చూడగానే నాకు ఆమె మీద గౌరవం కలిగింది. మా డిపోలో ఆకుని రకాలుగా ఏరి గ్రేడింగు చేసే ఆడవాళ్ళ చేతులు నల్లబడి, జిగురు పట్టి, పండగ రోజున కూడా అలాగే ఉంటాయి.

మమ్మల్ని నేలమాళిగలోకి తీసుకెళ్ళారు. మెట్లు దిగుతుంటే చల్లగాలితోపాటు వాసన ఒకటి ఎదురొచ్చింది. చెక్క, పుల్లని పండు, మట్టి, ఇంకా నాకు పేరు తెలియనివి ఏవేవో. అక్కడే మెట్టుమీద ఆగిపోయాను. ఇరవై ఆరేళ్ళు వాసన పట్టి బతికినవాణ్ణి, ఇన్ని వాసనలు ఒకదాన్నొకటి తొక్కుకోకుండా ఒకేచోట ఉండగలవని నాకు తెలియదు. చెప్పులు విప్పాలనిపించింది. నిజానికి విప్పబోయాను, సుశీల చెయ్యి పట్టుకుని ఆపింది.

రెండు వరసల్లో పోయినేడు పంటతో చేసిన వైన్ పన్నెండు పీపాలున్నాయి. మార్సెల్ రెండో పీపాలోంచి గాజుగొట్టంతో వైన్ తీసి నాకిచ్చాడు. నేను అలవాటు ప్రకారం గ్లాసుకి పెదవి తగలకుండా పైకెత్తి గొంతులో పోసుకున్నాను. మార్సెల్ నోరు వెళ్లబెట్టి, నాకు అందని యాసతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు.

"ఆయన ఏమంటున్నాడు?" అని రమణని అడిగాను.

"మీరు తాగలేదు, మింగారు అంటున్నాడు. ముక్కు గ్లాస్‌లో పెట్టి స్మెల్ చేయాలట. తర్వాత నోట్లో తిప్పి, ఆ బకెట్‌లో ఉమ్మేయాలట."

ఎంగిలి గ్లాసులో ముక్కు పెట్టడం వరకూ ఒప్పుకున్నాను. ఏడాదిన్నర కష్టపడి చేసిన దాన్ని, చేసినవాడి ఎదురుగా ఉమ్మడం మాత్రం నా వల్ల కాలేదు. మింగేశాను. నాలుగు పీపాల తర్వాత రమణ నా గ్లాసు తీసేసుకున్నాడు.

బయటికొచ్చాక తండ్రీకూతుళ్ళు ఏదో గట్టిగా మాట్లాడుకోవడం వినిపించింది. ఫ్రెంచి భాష నాకు రాదు, కానీ పోట్లాట ఏ భాషలోనైనా తెలుస్తుంది. ఏమిటని రమణని అడిగాను. అతనికి ఎలీజ్ ఇంగ్లీషులో ముందే చెప్పిందట.

"సోమవారం ఈ పన్నెండు బ్యారెల్స్ ఒకే ట్యాంక్‌లో కలిపేస్తారు, బావగారూ. ఇయర్ మొత్తం ఇన్‌కమ్ అదే. ఏడో బ్యారెల్ బాగా లేదు, కలపొద్దని ఎలీజ్ అంటోంది. ఆయన వినడం లేదు. లాస్ట్ ఇయర్ నుంచీ ఆమె మాట అసలు తీసుకోవడం లేదట."

"పాడైంది ఒకటి కలిపితే మిగతావి?"

"అన్నీ పోతాయి. కానీ అది వాళ్ళ ఫ్యామిలీ మేటర్. మనం ఇన్‌వాల్వ్ కాకూడదు."

నేను సరేనన్నాను. ఆ రాత్రి దగ్గర్లోని ఒక లాడ్జిలో పులిహోర తిని పడుకున్నాం.

ఆదివారం: బాతు ఊరగాయ

అక్రోటు చెట్టు కింద పొడుగాటి బల్ల వేశారు. పది పన్నెండుమంది కూలీలు ఉన్నారు, అందరూ మెక్సికో వాళ్ళు. యజమానీ, కూలీలూ, మేమూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. ముందు కూలీలకి వడ్డించి, తర్వాత మాకు వడ్డించి, చివర్న మార్సెల్ పెట్టుకున్నాడు. మా డిపోలో హమాలీలు వెనక షెడ్డులో తింటారు. వాళ్ళతో నేను ఒక్కసారీ కూర్చుని తినలేదన్న సంగతి నాకు ఆ బల్ల దగ్గరే గుర్తొచ్చింది. గుర్తొచ్చి సిగ్గేసింది.

మొదట కాబేజీ, బీన్సు గింజలు వేసిన చారు. గిన్నె అడుగున కాస్త మిగిలినప్పుడు మార్సెల్ అందులో ఎర్ర వైన్ ఒంపుకుని, గిలకరించి, గిన్నె రెండు చేతులా ఎత్తి గటగటా తాగేశాడు. వాళ్ళ ప్రాంతపు పద్ధతట అది. మజ్జిగన్నం అయ్యాక పళ్ళెం ఎత్తి తాగిన మా తాతయ్యని చూసినట్టే అనిపించింది. నేనూ ఎత్తి తాగాను. సుశీల కళ్ళు మూసుకుంది.

తర్వాత బాతు. దాన్ని ఉప్పు పట్టించి, దాని కొవ్వులోనే సన్నని సెగమీద ఉడికించి, ఆ కొవ్వు పైకి తేలేట్టు జాడీలో పోసి నెలలపాటు నిలవ ఉంచుతారట. గాలి తగలకుండా.

"అంటే ఊరగాయ!" అన్నాను. రమణ తర్జుమా చేశాడు. ఆవకాయ మీద నూనె తేలాలని మా అమ్మ చెప్పిన సూత్రమంతా నేను చేతులు తిప్పుతూ వివరించాను. మార్సెల్ బల్లమీద గుద్ది "అదే! అదే!" అన్నాడు. ఆ బాతు గురించి ఇంతకంటే రాయలేను. ఎముక చుట్టూ ఒక్క పోగు కూడా వదల్లేదు.

మాంసం అయ్యాక పచ్చి ఆకులు. ఆ తర్వాత, మనం చివర్న పెరుగు వేసుకున్నట్టు, వాళ్ళు చీజు తెచ్చారు. చెక్కపలక మీద అయిదు రకాలు. నా ముందున్న ముక్క తెల్లగా ఉంది, లోపలంతా నీలం చారలు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇరవై ఆరేళ్ళ అలవాటు ఊరుకుంటుందా?

"బూజు!" అని గట్టిగా అరిచి, ప్లేటుని పక్కకి తోసేశాను.

అందరూ ఉలిక్కిపడ్డారు. రమణ నా ఉద్యోగం సంగతి చెప్పాడు. బల్ల బల్లంతా ఒకటే నవ్వు. మార్సెల్‌కి నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆ బూజు వాళ్ళు కావాలని పట్టించిందని ఎలీజ్ చెప్పింది. దాన్ని తెచ్చి, పాలవిరుగులో వేసి, గుహలాంటి చోట నెలల తరబడి కాపలా కాసి పెంచుతారట. నేను ముక్కు మీద వేలేసుకున్నాను. జీవితమంతా నేను తరిమిన దాన్ని వీళ్ళు పిలిచి, ఇల్లిచ్చి పెంచుతున్నారు. చిటికెడు తిన్నాను. ఉప్పగా, ఘాటుగా, వెన్నలా ఉంది. ఇంకో ముక్క అడిగి పెట్టించుకున్నాను.

ఏడో పీపా

అప్పుడు పీపాల వైన్ వచ్చింది. కలిపే ముందు ప్రతి పీపాలోంచీ ఒక గాజు కూజా నింపి, ఈ భోజనం చివర్న బల్లమీదికి తెస్తారు. ముందు ఇంటిపెద్ద వాసన చూసి 'సరే' అంటాడు. ఆ తర్వాత అందరికీ పోస్తారు. ఆయన సరేనన్న పీపా సోమవారం ట్యాంకులోకి వెళుతుంది. మార్సెల్ నలభై ఏళ్ళుగా అలా చెబుతున్నాడు. ఒకటో కూజా సరే. రెండోది సరే. ఆరు దాకా అలాగే నడిచింది.

ఏడోది వచ్చింది. ఎలీజ్ తండ్రి ముందు కూజా పెట్టి, చెయ్యి వెంటనే తీయలేదు. ఏదో అంది. మార్సెల్ ఆమె చెయ్యి పక్కకి నెట్టాడు. గ్లాసులో ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని, "సరే," అన్నాడు.

నా గ్లాసులో పోశారు. నేర్పినట్టే ముక్కు లోపల పెట్టాను. తడిసిన గోనెపట్టా. వానాకాలంలో గోడౌను మూల నాలుగు రోజులు ఎవరూ చూడకుండా పడున్న గోనెపట్టా వాసన. సందేహం లేదు. కానీ ఇప్పుడే కదా నేనొక కొత్త పాఠం నేర్చుకున్నది! మళ్ళీ అరిచి పరువు పోగొట్టుకోదలచుకోలేదు. మర్యాదగా, నాకొచ్చిన ఇంగ్లీషులో మార్సెల్‌నే అడిగాను.

"అయ్యా, ఈ బూజు కూడా కావాలని పెంచిందేనా?"

మళ్ళీ నవ్వులు. అందరికంటే ఎక్కువ మార్సెల్ నవ్వాడు. నేనూ నవ్వబోయి ఎలీజ్‌ని చూశాను. ఆమె నవ్వడం లేదు. తలొంచుకుని కూర్చుంది. కూలీల మేస్త్రీ గ్లాసు వాసన చూసి, తాగకుండా కింద పెట్టేశాడు. ఒక్కొక్కళ్ళ నవ్వూ ఆగిపోయింది.

"ఏ బూజు?" అన్నాడు మార్సెల్.

రమణ బల్ల కింద నా కాలు తొక్కాడు. "బావగారూ, చీజ్ టేస్ట్ ఇంకా నోట్లో ఉందని చెప్పేయండి. మిస్టేక్ అయిందనండి. ప్లీజ్."

అలా చెప్పడం తేలిక. ఇన్నేళ్ళు ఎంతమంది రైతుల ముందు ఆ మాట అన్నానో లెక్కలేదు గానీ, వాళ్ళెవరూ నాకు అంతకుముందు స్వయంగా వడ్డించి అన్నం పెట్టినవాళ్ళు కారు. తిన్న ఇంటి యజమానిని, ఆయన మనుషుల ఎదుట, తప్పని ఎలా అనను? అనకపోతే రేపు పదకొండు పీపాలు పోతాయి. వాటితోపాటు ఈ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళ ఏడాది కష్టం పోతుంది.

"పొరపాటు కాదండీ," అన్నాను. "ఇది చెడ్డ బూజే. దీన్ని మిగతావాటితో కలపకండి."

మార్సెల్ కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. నన్ను లేపి, బల్లకి వీపు చేసి నిలబెట్టాడు. ఎలీజ్ చేత మూడు గ్లాసుల్లో మూడు పీపాల వైన్ పోయించి, తిరగమన్నాడు. నేను మూడూ వాసన చూసి మధ్యది చూపించాను. ఏడో పీపా. మళ్ళీ మార్చి పోయించాడు. ఈసారి చివరిది. అదీ ఏడో పీపానే.

ఆ గ్లాసు ఆయన తీసుకున్నాడు. ముక్కు పెట్టి చాలాసేపు అలాగే ఉన్నాడు. రెండోసారి, మూడోసారి గట్టిగా గాలి పీల్చాడు. గ్లాసు కింద పెట్టి, టోపీ తీసి బల్లమీద పెట్టాడు.

"రెండు చలికాలాలయింది," అన్నాడు ముక్కు తాకి చూపిస్తూ, మా అందరికీ తెలిసేట్టు ఇంగ్లీషులో. "జ్వరం వచ్చి పోయింది, దాంతోపాటు ఇదీ పోయింది. పొద్దున పొయ్యిలోంచి తీసిన రొట్టె వాసన కూడా రావడం లేదు."



"నాకు తెలుసు నాన్నా," అంది ఎలీజ్.

"తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వే చెబుతావని చూశాను."

సుశీల కొంగుతో కళ్ళొత్తుకుంది. ముక్కు పోయిన మనిషి రెండేళ్ళపాటు ప్రతి గ్లాసులోనూ తల దూర్చి, ఏమీ లేని చోట వెతికి, సరేనంటూ వచ్చాడు. ఆ భయాన్ని నేను ఊహించగలను. నా ముక్కు పోయిన రోజున నేనూ బహుశా ఎవరికీ చెప్పను.

మార్సెల్ ఎనిమిదో కూజా చేతిలోకి తీసుకున్నాడు. తన గ్లాసులో పోసుకోలేదు. బల్ల చుట్టూ నడిచి వెళ్ళి కూతురి గ్లాసులో పోసి, ఆమె పక్కనే నిలబడ్డాడు. నలభై ఏళ్ళలో ఆ కూజా ముందుగా ఇంకొకరి గ్లాసులోకి ఒంగడం అదే మొదటిసారని పక్కన కూర్చున్న మేస్త్రీ నా చెవిలో చెప్పాడు.

ఎలీజ్ వాసన చూసింది. "బాగుంది," అంది.

"బాగుందంటే నాకేం తెలుస్తుంది? ఏముందో చెప్పు."

"నల్ల రేగుపళ్ళు. కొత్త తోలు. కొంచెం పొగ."

మార్సెల్ కళ్ళు మూసుకుని విన్నాడు. కాసేపు ఆలోచించాడు. అది ఏ వరసలోని పండో, ఆ వరస కింద ఏ మట్టి ఉందో ఆయనకి తెలుసు.

"అది కొండవైపు పండు. అడుగున ఇంకోటి ఉండాలి," అన్నాడు. "వానపడ్డ రాయి. తొందరపడకు, వెతుకు."

ఆమె మళ్ళీ గ్లాసులో ముక్కు పెట్టింది. బల్ల దగ్గర పదిహేనుమందిమి ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

"ఉంది నాన్నా," అంది.